కనిపెట్టడం, కనిపెట్టుకుని ఉండడం

గత నెల మా మేనల్లుడి పెళ్లి భోజనాలలో నా పక్క విస్తరి ముందు కూర్చున్న ఒక పెద్దాయన, "ఏదో కొత్త సూక్ష్మజీవిని కనిపెట్టావట కదా బాబూ, ఎక్కడ దొరికిందేటి?" అని అడిగారు. కోడి రెట్టలో దొరికిందని విస్తరి ముందు చెప్పడం బాగుండదు కనుక "కోళ్ల దగ్గరండీ" అని సరిపెట్టాను. ఇంటికి వచ్చాక ఆయన వాడిన మాట మనసులో తిరుగుతూనే ఉంది. తెలియనిదాన్ని తెలుసుకోవడం కనిపెట్టడం. పసిబిడ్డనో, జబ్బు మనిషినో, కళ్లంలోని ధాన్యాన్నో కాచుకోవడం కనిపెట్టుకుని ఉండడం. ఆరేడేళ్లుగా నేను చేస్తున్న పనిలో మొదటి అర్థానికి చెందినది ఒక్క సాయంత్రం మాత్రమే. మిగిలిన కాలమంతా రెండవ అర్థానికే ఖర్చయింది.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను. సొంత ఊరు పాలకొండ దగ్గరి ఒక పల్లె. అమ్మ ఇప్పటికీ అక్కడే, పది పదిహేను నాటు కోళ్లను పెంచుకుంటూ ఉంటోంది. కోళ్లను పెంచేవారికి, కోసేవారికి తెలిసినా ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక అవయవంతో నా పని మొదలైంది. కోడి చిన్న పేగు వచ్చి పెద్ద పేగులో కలిసే చోట, అటొకటి ఇటొకటిగా, చివర మూసుకుపోయిన రెండు గొట్టాలు ఉంటాయి. వాటిని అంధనాళాలు అంటారు. పైన అరగని పీచు పదార్థంలో కొంత అక్కడికి చేరి, గాలి చొరబడని ఆ చీకటి సంచులలో పులుస్తుంది. అక్కడి పదార్థం ఒక్క గ్రాములో వెయ్యి కోట్ల నుంచి పది వేల కోట్ల దాకా బాక్టీరియా ఉంటాయి, వాటిలో అత్యధికం ఆక్సిజన్ అవసరం లేనివి, చాలా వాటికి ఆక్సిజన్ విషం కూడా.

ఈ సంచులు ఖాళీ అయినప్పుడు పడే రెట్ట మామూలు రెట్టలా ఉండదు. కోడి రోజంతా వేసే రెట్ట మీద తెల్లటి పూత కనిపిస్తుంది. తెల్లవారుజామున గంప ఎత్తగానే ఒక్కోసారి కనిపించేది మాత్రం ముదురు గోధుమ రంగులో, ముదిరిన బెల్లం పాకంలా జిగటగా, తెల్లపూత లేకుండా, ముక్కు మూసుకోవలసినంత ఘాటుగా ఉంటుంది. కొత్తగా కోళ్ల పెంపకం మొదలుపెట్టినవారు దాన్ని చూసి పారుడు రోగం పట్టుకుందని మందుల దుకాణానికి పరుగెత్తడం నేను చూశాను. నిజానికి అది కోడి పేగులు సరిగ్గా పనిచేస్తున్నాయనడానికి గుర్తు. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఆక్సిజన్ తగిలితే చచ్చిపోయే జీవులున్నాయన్న సంగతి 1861లో లూయీ పాశ్చర్ చెప్పినది. బ్యుటిరిక్ ఆమ్లాన్ని తయారుచేసే పులియబెట్టుడు ద్రవాన్ని ఒక బొట్టు తీసి గాజు పలకల మధ్య సూక్ష్మదర్శిని కింద చూస్తే, బొట్టు నడుమ ఉన్న జీవులు చురుగ్గా ఈదుతున్నాయి, గాలి తగిలే అంచుల దగ్గర ఉన్నవి కదలిక మాని పడి ఉన్నాయి. అందరికీ ప్రాణమిచ్చే గాలి వీటికి ప్రాణం తీసేదన్నమాట. చూడడం ఒక ఎత్తు, పెంచడం మరొక ఎత్తు. పాశ్చర్ తరువాత దాదాపు తొంభై ఏళ్లకు, 1950 ప్రాంతంలో, అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ పశువుల పొట్టలోని అవాయు బాక్టీరియాను, అంటే ఆక్సిజన్ లేని చోట బతికేవాటిని, నమ్మకంగా పెంచే పద్ధతిని తీర్చిదిద్దారు. ఆయన తొలి పరిశోధనలు చెదపురుగుల పేగులలోని సూక్ష్మజీవుల మీద జరిగాయని చదివినప్పుడు, పిల్లల కోడికి చెదమట్టి పెళ్లలు తెచ్చి పోసే మా అమ్మ గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను.

ఆ పద్ధతిని చిన్న కళాశాలలో కూడా నడపవచ్చు, ఓపిక ఉంటే. నేను మొదలుపెట్టిన 2017 నాటికి మాకు అవాయు పెట్టె, అంటే ఆక్సిజన్ లేకుండా పనిచేసుకునే మూసిన పెట్టె, లేదు, ఇప్పటికీ లేదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, వేడి చేసిన రాగి ముక్కలు నింపిన గాజు గొట్టం, రబ్బరు బిరడాలు, కొన్ని సూదులు ఉన్నాయి. సిలిండరు నుంచి వచ్చే వాయువులో మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను వేడి రాగి పట్టేసుకుని నల్లబడుతుంది. హైడ్రోజన్ పంపితే మళ్లీ ఎర్రటి రాగి రంగు తిరిగి వస్తుంది. ఒకసారి సరఫరాదారు పంపిన సిలిండరుకు మా రాగి పూటలోపే బొగ్గులా మారిపోయింది. ఫోన్ చేసి అడిగితే "అది స్వచ్ఛమైనదే సార్, మీ రాగిలోనే ఏదో తేడా ఉంది" అన్నారు. మూడు వారాల పని గంగలో కలిసింది.

అగర్ కలిపిన పోషక ద్రవం వేడిగా ఉండగానే గొట్టంలో నమూనాను వేసి, బిరడా బిగించి, ఐసు నీళ్ల మీద గొట్టాన్ని అడ్డంగా పెట్టి దొర్లిస్తే, అగర్ లోపలి గోడకు పలచని పొరలా అంటుకుని గట్టిపడుతుంది. కొన్ని రోజులకు ఆ పొరలో ఆవగింజ కంటే చిన్నగా బాక్టీరియా గుంపులు కనిపిస్తాయి. పోషక ద్రవంలో రెసజురిన్ అనే రంగు పదార్థం కలుపుతాము. ఆక్సిజన్ లేనంత కాలం దానికి రంగు ఉండదు. రవ్వంత గాలి దూరిందా, గొట్టం లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. గులాబీ రంగు చూస్తే గుండె గుభేలుమనే మనుషులు లోకంలో మేమొక్కళ్లమేనేమో.

మొదటి నమూనాలు ఆదివారం పూట కోడి మాంసం దుకాణం నుంచి తెచ్చాను. అక్కడ చేయవలసిన పని చిన్నదే గాని వేగంగా చేయాలి. కోడి పొట్ట తెరవగానే అంధనాళాలు పేగును కలిసే మెడ దగ్గర నూలు దారంతో గట్టిగా ముడి వేసి, ఆ తరువాతనే కోయాలి. ముడి పడిన సంచిని మించిన అవాయు పాత్ర మరొకటి లేదు, ప్రయోగశాల దాకా లోపలి జీవులు తమ ఇంట్లోనే ప్రయాణం చేస్తాయి. దుకాణం అతను కొన్నాళ్లు చూసి ఆఖరికి ఉండబట్టలేక, "కందనకాయ అడిగినోళ్లున్నారు, కార్జం అడిగినోళ్లున్నారు, ఇవి అడిగినోళ్లు ఇంతవరకూ నేరు మేష్టారూ! ఇవేటి సేసుకుంటారు?" అన్నాడు. చదువు కోసమని చెప్పాను. అప్పటి నుంచి దారం ముడి అతనే వేసి ఉంచేవాడు, డబ్బు తీసుకునేవాడు కాదు.

ఒక విషయంలో మాత్రం మా అలవాటే మాకు అడ్డు వచ్చింది. మనుషుల బాక్టీరియాకు అలవాటు పడిన ప్రయోగశాలల్లో ఇంక్యుబేటరు ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే. ఆ సంగతి తెలిసి కూడా మొదటి రెండు నెలలు మేము ఇంక్యుబేటరు మీట జోలికి పోలేదు. 41కి మార్చి, పోషక ద్రవంలో అంధనాళాల సారాన్నే వడగట్టి, శుద్ధిచేసి కలిపాక, అంతకుముందు ఖాళీగా కనిపించిన గొట్టాల్లో కూడా గుంపులు మొలిచాయి. పరాయి ఊరు వచ్చినవాడికి మన ఊరి అంబలి పోసి ఎందుకు తాగడం లేదని అడిగినట్టుంది మేము అంతవరకు చేసినది.

2018 అక్టోబరు నాటికి మా దగ్గర వేరుచేసిన 31 నమూనాలు గ్లిసరాల్‌లో, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో ఉన్నాయి. ఆ నెల 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ప్రాంతానికి కరెంటు అయిదవ రోజున వచ్చింది. జనరేటరుకు డీజిలు రెండు రోజులకే అయిపోయింది. తరువాత తిరిగి పెంచబోతే 31లో 26 మొలవలేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలి బతుకుతెరువు పోయినవారిని కళ్లారా చూసి వచ్చిన మనిషికి, గాజు గొట్టాలు పోయాయని చెప్పుకోవడం సిగ్గుగా తోచింది. అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు నమూనాల కోసం అమ్మ పెరటికి వెళ్లాను. దీనికి ఒక కారణం ఉంది. 1973లో ఫిన్లాండ్‌కు చెందిన నుర్మీ, రాంటాలా అనే ఇద్దరు ఒక చిన్న ప్రయోగాన్ని ప్రచురించారు. మిషన్‌లో పొదిగిన కోడిపిల్లలకు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్ల పేగులలోని పదార్థాన్ని మొదట్లోనే తినిపిస్తే, జబ్బు చేసే సాల్మొనెల్లా బాక్టీరియా వాటి పేగులలో సులువుగా స్థిరపడలేకపోయింది. మంచి బాక్టీరియా ముందే ఇల్లు ఆక్రమించుకుంటే చెడ్డదానికి చోటు దొరకదన్నది వారి వాదన. పెట్ట కింద 21 రోజులు పొదగబడి, గుడ్డు పగలగానే తల్లి వెంట పెంటదిబ్బ గీకడానికి పోయే పిల్లకు ఆ ఆస్తి మొదటి రోజు నుంచే అందుతుంది. హేచరీలో పుట్టి, అట్టపెట్టెలో లారీ ఎక్కి, వరి ఊక పరిచిన షెడ్డుకు చేరే పిల్ల తల్లి ముఖమే చూడదు. కనుక ఎక్కువ రకాలు పెరటి కోడిలోనే ఉంటాయని నా ఊహ. అయితే పదార్థమంతా గుడ్డిగా తినిపించడం కంటే అందులో ఎవరెవరు ఉన్నారో తెలుసుకోవడం మేలు, ఎందుకంటే క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ వంటి పేగులను కుళ్లబెట్టే రకం కూడా వాయువు లేని చోటనే బతుకుతుంది.

అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, గంప దగ్గర దీపం పట్టుకుని నిలబడి, "ఒరే, ఆ నల్ల పెట్ట వేసిందిరా, బేగి రా!" అని పిలిచేది. వేడి తగ్గకముందే రెట్టలో పైపొర తీసేసి, లోపలి భాగాన్ని మాత్రం గొట్టంలోకి తీసుకోవాలి. నమూనాలన్నిటికీ వరుస సంఖ్యలు వేశాము. ఇప్పుడు మాట్లాడుకునేది పదిహేడవది, ఆ నల్ల పెట్ట ఇచ్చినది.

పదిహేడు బాగా పెరిగేది. సూక్ష్మదర్శినిలో పొట్టి కడ్డీల్లా, రెండేసి అంటుకుని కనిపించేది. మూత తీస్తే చెడిపోయిన నెయ్యి వాసన వచ్చేది, అది బ్యుటిరిక్ ఆమ్లం వాసన. పేగు గోడ కణాలకు ఆ ఆమ్లమే ముఖ్యమైన ఆహారాలలో ఒకటి కనుక ఆశ కలిగింది. జన్యువు క్రమం చదవడానికి బయటకు పంపాము. తిరిగి వచ్చిన గ్రాఫులో ప్రతిచోటా ఒక గుట్ట మీద ఇంకో గుట్ట, ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడినట్టు. నమూనా శుద్ధమైనది కాదన్నమాట. ఇది పూర్తిగా నా తప్పు. అవాయు బాక్టీరియాను వేరుచేశామనుకున్నాక, దాన్ని మామూలు పోషక అగర్ మీద గీసి, గాలిలో ఉంచి చూడాలి. మరునాటికి ఏమైనా మొలిస్తే అందులో దొంగ ఉన్నట్టే. విద్యార్థులకు ఏటా చెప్పే ఆ పరీక్షను నేను చేయలేదు. చేశాక తెల్లారేసరికి పళ్లెం నిండా ఈ.కోలై, పేగులలో మామూలుగా ఉండే మరో బాక్టీరియా.

అక్కడి నుంచి ఏడాది దాకా పదిహేడు నన్ను ఏడిపించింది. ఈ.కోలైని తీసేసి శుద్ధి చేసిన ప్రతిసారీ ఒకటి రెండు తరాలు పెరిగి ఆగిపోయేది. తిరిగి ఈ.కోలైని చేరిస్తే పెరిగేది. గాలి ఉన్నా లేకపోయినా బతకగల ఈ.కోలై, గొట్టంలోకి దూరిన ఆక్సిజన్‌ను ముందుగా తాను పీల్చేసి పక్కవాడిని కాపాడుతోందని మొదట అనుకున్నాను. అందుకని ఆక్సిజన్‌ను హరించే సిస్టీన్‌ను పెంచాను. గొట్టాలు ఒక్కటి కూడా గులాబీ రంగుకు తిరగలేదు, పదిహేడూ పెరగలేదు. నా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న ఒక విద్యార్థిని ఒకరోజు, "సార్, కాపలా సంగతి సరే, అది వీడికి తిండి ఏమైనా పెడుతోందేమో?" అంది. బ్యుటిరేట్ (బ్యుటిరిక్ ఆమ్లపు లవణ రూపం) తయారుచేసే బాక్టీరియాలో చాలా వాటికి అసిటేట్ (వినెగర్‌లోని ఆమ్లపు లవణ రూపం) కావాలి. ఈ.కోలై పులియబెట్టేటప్పుడు బయటకు వదిలేవాటిలో అసిటేట్ ఒకటి. సోడియం అసిటేట్ కలిపిన గొట్టంలో, తోడు లేకుండా, పదిహేడు మూడో రోజున మబ్బుగా పెరిగింది. ఆ గొట్టం ఫోటో ఇప్పటికీ నా బల్ల మీద ఉంది, చూసినవాళ్లకు అది మురికి నీళ్ల ఫోటో.

ఇక గుర్తింపు. బాక్టీరియాను రూపం చూసి గుర్తుపట్టడం కుదరదు. కడ్డీలు, గుండ్లు, మెలికలు అంతే వాటి రూపాలు. అందుకే అన్నింటిలోనూ ఉండే 16ఎస్ రైబోసోమల్ ఆర్ఎన్ఏ జన్యువును పోల్చి చూస్తారు. దాదాపు 1,500 అక్షరాల పొడవున్న ఆ జన్యువు పనికి అత్యవసరమైనది కనుక నెమ్మదిగా మారుతుంది, దాని పోలికలే వంశవృక్షంలో దగ్గర దూరాలను చెబుతాయి. ఈ జన్యువు తయారుచేసే ఆర్ఎన్ఏను పోల్చి కార్ల్ వోస్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం 1977లో ఆర్కియా అనే కొత్త శాఖనే బయటపెట్టారు. 98.7 శాతం కంటే తక్కువ పోలిక ఉంటే అది వేరే జాతి కావచ్చునని 2006 నుంచి ఒక ఆనవాయితీ ఉంది. 2021లో ఒక సాయంత్రం ఏడు గంటలకు మా ఫలితం తెర మీదకు వచ్చింది. పోల్చిన 1,440 అక్షరాలలో, పేరున్న అతి దగ్గరి చుట్టానికి మాదానికి 46 చోట్ల తేడా, అంటే 96.8 శాతం పోలిక. లాక్నోస్పిరేసీ కుటుంబం. నేను మొదట్లో చెప్పిన ఒక్క సాయంత్రం అదే.

అయితే అది తీర్పు కాదు. ఒక్క జన్యువు పోలిక వేలిముద్ర లాంటిది, ఆస్తి పంపకానికి వేలిముద్ర ఒక్కటే చాలదు, దస్తావేజులన్నీ చూడాలి. మొత్తం జన్యుక్రమాన్ని చదివించి, దగ్గరి జాతుల జన్యుక్రమాలతో సగటు పోలికను లెక్కించాలి. 95, 96 శాతం కంటే తక్కువైతే వేరే జాతిగా ఒప్పుకుంటారు. డబ్బు సమకూరడానికి ఏడాది పట్టింది. పేరున్న జాతులలో దేనితోనూ మాది 82 శాతం దాటలేదు. సంతోషించాను. తరువాత, పెంచకుండానే చదివిన జన్యుక్రమాల భాండాగారంలో వెతికితే 97.9 శాతం పోలికతో ఒకటి దొరికింది.

ఈ విషయం కొంచెం వివరించాలి. ఇప్పుడు బాక్టీరియాను పెంచకుండానే, రెట్టలోని మొత్తం డీఎన్ఏను చదివి, చిరిగిన ఉత్తరాల ముక్కలను అతికినట్టు కంప్యూటరులో జన్యుక్రమాలను అతుకుతున్నారు. 2021లో బ్రిటన్ పరిశోధకులు కోడి పేగుల నుంచి ఈ విధంగా తేలిన వందలాది జాతులకు ఒకే వ్యాసంలో తాత్కాలిక పేర్లు పెట్టారు. ఇలాంటి పేర్ల ముందు కాండిడేటస్ అని చేరుస్తారు. అంటే అభ్యర్థి, ఎన్నికల్లో నిలబడ్డాడు గాని ఇంకా ప్రమాణస్వీకారం చేయలేదు. మా నల్ల పెట్ట పదిహేడు విదేశీ కోడిలో ముందే అభ్యర్థిగా నమోదై ఉంది. దాన్ని ఎవరూ బతికి ఉండగా చూడలేదు, ఏమి తింటుందో, ఎంత వేడి కోరుతుందో, ఏ వాసన వేస్తుందో ఎవరికీ తెలియదు. పేరు మాత్రం ఉంది.

నిజం చెప్పాలంటే రెండు రోజులు అన్నం సహించలేదు. ఎందుకంటే నేను ఒక పేరు సిద్ధం చేసుకున్నాను. ఊరి పేరుకు ఎన్సిస్ అని చేరిస్తే ఆ ఊరిదని లాటిన్‌లో అర్థం. లాటిన్‌లో ళ లేదు కనుక శ్రీకాకులెన్సిస్ అని కాగితం మీద రాసుకుని, బాగుందా అని అమ్మకు చదివి వినిపించాను కూడా. "మందు పేరులాగుంది" అంది అమ్మ. తాత్కాలిక పేరును వాడి తీరాలన్న నిబంధన లేకపోయినా, ముందు గుర్తించినవారి పేరును నిలబెట్టడం మర్యాద. ఆ మర్యాదను పాటించాలనే నిర్ణయించుకున్నాను. శ్రీకాకులెన్సిస్ కాగితం సొరుగులో ఉంది.

పేర్ల గురించి మనసు సర్దుకోవడానికి నాకు ఒక పాత ఉదాహరణ పనికి వచ్చింది. 2006లో జపాన్ పరిశోధకులు కోడి అంధనాళం నుంచి మూడు కొత్త బాక్టీరాయిడ్స్ జాతులను వర్ణించారు. ఒకటి గాలినారం, అంటే కోళ్లకు చెందినది. మిగిలిన రెండింటికి, పేగు బాక్టీరియా మీద ముందుతరంలో పనిచేసిన ఎల్లా బార్న్స్, జోసెఫ్ సాలనిట్రోల పేర్ల మీదుగా బార్నెసియే, సాలనిట్రోనిస్ అని పెట్టారు. ఆ తరువాత ఈ రెండింటినీ ఫోకైకోలా అనే ప్రజాతిలోకి మార్చారు. అత్తవారింటికి వెళ్లినట్టు ఇంటిపేరు మారింది, సొంత పేరు మిగిలింది.

ఇప్పుడు మిగిలిన పని పేరుకు ప్రాణం అతికించడం. బతికి ఉన్న టైప్ స్ట్రెయిన్‌ను, అంటే ఆ జాతికి ప్రమాణంగా నిలిచే నమూనాను, కనీసం రెండు దేశాలలోని రెండు భాండాగారాలలో అందరికీ అందేలా ఉంచి, వర్ణనను ప్రచురిస్తేనే బాక్టీరియా నామకరణ నియమావళి ప్రకారం పేరు చెల్లుతుంది. జన్యుక్రమాన్నే టైప్‌గా అంగీకరించే సీక్‌కోడ్ అనే మరో నియమావళి 2022లో వచ్చింది. దాని అవసరం నాకు అర్థమవుతుంది. పెంచలేని జీవులే ఎక్కువ కదా. అయినా కంప్యూటరులోని క్రమం అసిటేట్ అడగదు, తుపానుకు చావదు. అడిగేదాన్ని, చచ్చేదాన్ని చేతిలో పెట్టుకున్నవాడిగా నా పక్షపాతం నాది. మన దేశంలో పుణేలోని జాతీయ సూక్ష్మజీవ వనరుల కేంద్రానికి నమూనాలు పంపాను. రెండవది విదేశానికి వెళ్లాలి. జీవవనరులను దేశం దాటించడం 2002 నాటి జీవవైవిధ్య చట్టం కిందికి వస్తుంది కనుక చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు సంబంధించిన కాగితాల పని నడుస్తోంది.

అది తేలేదాకా పదిహేడును బతికించాలి. తిత్లీ తరువాత ఫ్రీజరును ఒక్కదాన్నే నమ్మడం మానేశాను. ప్రతి గురువారం మధ్యాహ్నం క్లాసులు అయ్యాక పన్నెండు కొత్త గొట్టాలలోకి మారుస్తాను. నల్ల పెట్ట రెండేళ్ల కిందట కొక్కెర తెగులుతో పోయింది, దాని పిల్లల పిల్లలు పెరట్లో తిరుగుతున్నాయి. నిన్నటి గొట్టాలలో పదకొండు మబ్బుగా ఉన్నాయి, పన్నెండవదానిలో మాత్రం పైన వేలెడు మేర లేత గులాబీ రంగు. బిరడా పాతబడినట్టుంది. దాన్ని పారేసి, కొత్త బిరడాల కోసం ఇప్పుడే ఆర్డరు పెట్టాను.